టన్నుకు 230 కిలోల తరుగు: సున్నం షెడ్డులో దొంగను వెతికిన కథ

ఫోన్ చేసిన పెద్దమనిషి అడిగిన మొదటి మాటే వింతగా ఉంది. "సార్, మీరు దొంగతనం లెక్కలు కూడా చూస్తారా?" అన్నారు. నేను చేసేది ఎనర్జీ ఆడిట్, అంటే ఫ్యాక్టరీల్లో ఇంధనం, వేడి ఎక్కడ ఖర్చవుతున్నాయో లెక్క తేల్చడం. బాయిలర్లు, బట్టీలు, డ్రైయర్లు, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఇవే నా తిండి. దొంగల్ని పట్టుకోవడం నా పని కాదని చెప్పబోయాను కానీ ఆయన ఆగలేదు. "వెయ్యి కిలోలు పోస్తే పదమూడు వందల ఇరవై రావాలట, మాకు వెయ్యీ తొంభయ్యే వస్తోంది, మిగతాది ఎవడు తింటున్నాడో మీరే తేల్చాలి" అన్నారు. అప్పుడు కుతూహలం పుట్టింది. పోసినదానికంటే ఎక్కువ రావాల్సిన సరుకు తక్కువొచ్చిందని ఏడ్చే వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు.

సరుకు సున్నం. ఆఫీసు పట్నం బజారులో, షెడ్డు పేరేచర్ల దాటాక. పిడుగురాళ్ళ వైపు బట్టీల నుంచి కాల్చిన సున్నం లారీల్లో వస్తుంది, ఇక్కడ దాన్ని తెడ్ల మిషన్‌లో నీళ్ళతో ఉడికించి (మంట అక్కర్లేదు, నీళ్ళు తగిలితే సున్నమే వేడెక్కి పొడి అవుతుంది), జల్లెడ పట్టి, 25 కిలోల బస్తాల్లో నింపి రొయ్యల చెరువులకీ, నీళ్ళ శుద్ధికీ, కొంత వెల్ల వేయడానికీ అమ్ముతారు. ఇలా చాలా ఏళ్ళుగా నడుస్తోంది, ఎవరికీ ఏ అనుమానమూ లేదు. విజయవాడలో ఇంటర్ చదివే వాళ్ళమ్మాయి దసరా సెలవులకి ఇంటికొచ్చి, నాన్న చేసే వ్యాపారం తన కెమిస్ట్రీ పుస్తకంలో ఉందని సంబరపడి, కాగితం మీద ఒక లెక్క వేసి చూపించింది. అక్కడ మొదలైంది టెన్షన్ అంతా.

అమ్మాయి లెక్కలో తప్పేమీ లేదు. కాల్షియం ఆక్సైడ్ 56 భాగాలు, నీళ్ళు 18 భాగాలు కలిస్తే కాల్షియం హైడ్రాక్సైడ్ 74 భాగాలు. 74ని 56తో భాగిస్తే 1.32. అంటే టన్ను కాల్చిన సున్నానికి 1,321 కిలోల ఉడికిన సున్నం. పుస్తకాల్లో చూస్తే సగటున 1,090. తేడా 231 కిలోలు. ఆయన దాన్ని నెల సరుకుతో గుణించుకుని, రూపాయల్లోకి మార్చుకుని, రెండు రోజులు నిద్రపోలేదు. నాకు ఫోన్ చేసేలోపే షెడ్డులో రెండు కెమెరాలు పెట్టించారు. అనుమానం పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రి మీద. ఆ విషయం మేస్త్రికి ఎవరూ చెప్పలేదు కానీ తన తల మీద వెలుగుతున్న ఎర్ర లైటు ఎందుకొచ్చిందో తెలియని మనిషెవడు?

షెడ్డుకి వెళ్ళిన మొదటి రోజు నేను చేసిన పని ఒక్కటే. ఒక కాగితం మీద షెడ్డు బొమ్మ వేసి దాని చుట్టూ ఒక గీత గీశాను. ఆ గీత దాటి లోపలికి వచ్చేవి ఏమిటి, బయటికి పోయేవి ఏమిటి? ఓనరు గారి పుస్తకంలో లోపలికి ఒకటే వస్తువు, కాల్చిన సున్నం. బయటికి ఒకటే వస్తువు, బస్తాలు. కానీ కళ్ళెదురుగా లోపలికి నీళ్ళు పోతున్నాయి, వాటికి లెక్క లేదు. పొగగొట్టం లోంచి తెల్లటి ఆవిరి బుస్సుమని పోతోంది, దానికీ లెక్క లేదు. జల్లెడ మీద మిగిలిన రాళ్ళని తట్టల్లో మోసుకెళ్ళి షెడ్డు వెనక పోస్తున్నారు, ఆ కుప్ప దాదాపు నా భుజం ఎత్తు ఉంది. "ఇదేమిటి?" అంటే "వేస్టు సార్" అన్నారు. ఎంత వేస్టు? ఎవరూ తూచలేదు. రసాయన చర్యలో బరువు ఎక్కడికీ పోదు, మనం తూచని తలుపులోంచి బయటికి పోతుంది, అంతే. ఈ షెడ్డుకి అలాంటి తలుపులు కనీసం నాలుగు ఉన్నాయి.

దాంతో ఒక షిఫ్టు మొత్తం కొలుద్దామన్నాను. మూడు టన్నుల సున్నం. లారీ కాటా మీద తూచితే పనికి రాదు, అది ఇరవై కిలోల మెట్లలో చూపిస్తుంది. 500 కిలోల ప్లాట్‌ఫాం కాటా తెప్పించి, ముద్ర ఉన్న 20 కిలోల రాళ్ళతో సరిచూసి, ప్రతి తట్టా దాని మీదే ఎక్కించాం. నీళ్ళ మీటరు మీద నాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే మీటరు తర్వాత కూలీలు కాళ్ళూ చేతులూ కడుక్కునే కుళాయి ఒకటి ఉంది, అందుకని 200 లీటర్ల డ్రమ్ములతో పోయించాను. ఇకమీదట లెక్కలన్నీ టన్ను సున్నానికి చెబుతాను, చదవడానికి సులువు.

సున్నం 1,000 కిలోలు, నీళ్ళు 560 కిలోలు, మొత్తం లోపలికి 1,560. బయటికి వచ్చినవి ఇవీ. బస్తాల లెక్క ప్రకారం 1,090. కానీ బస్తాలు విడిగా మళ్ళీ తూస్తే ఒక్కోదానిలో 25 కాదు, సగటున 25.3 ఉంది. తూకం తగ్గిందని రైతు తిట్టకూడదని నింపేవాడు చెయ్యి జారుగా నింపుతున్నాడు. అది టన్నుకి 13 కిలోలు. జల్లెడ మీద రాళ్ళు 141 కిలోలు. నేల ఊడ్చింది 9 కిలోలు. కూడితే 1,253. మిగతా 307 కిలోలు పొగగొట్టం లోంచి ఆవిరిగా, దుమ్ముగా పోయి ఉండాలి. దాన్ని తూచే కాటా లేదు.

ఈ దశలోనే తలకాయ ఉన్నవాడికి విషయం సగం అర్థమైపోతుంది. 141 కిలోల రాళ్ళు కనబడ్డాక 231 కిలోల దొంగతనం గురించి మాట్లాడడం అన్యాయం. కానీ ఓనరు గారు ఒప్పుకోలేదు. "రాళ్ళు పోగా మిగతా తొంభై?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే వచ్చిన సున్నంలో అసలు సున్నం ఎంత ఉందో తెలియాలి. అమ్మాయి లెక్క నూటికి నూరు శాతం కాల్షియం ఆక్సైడ్ అనుకుని వేసింది. లారీలో వచ్చేది అలా ఉండదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఈ కేసు రాయడానికి అసలు కారణం కూడా అదే.

ట్రయల్ రోజు శుక్రవారం. లారీలో పది చోట్ల నుంచి ముక్కలు తీసి, నలగ్గొట్టి, కలిపి, ఒక కిలో శాంపిలు మామూలు ప్లాస్టిక్ కవరులో వేసి రబ్బరు బ్యాండు చుట్టి బ్రాడీపేటలో మా ఇంటికి తెచ్చుకున్నాను. శని, ఆదివారాలు వర్షం. సోమవారం ఉదయం విజయవాడలో ల్యాబుకి పంపించాను. వాళ్ళు చేసే పరీక్షలు తెలిసినవే. చక్కెర నీళ్ళలో కరిగించి ఆమ్లంతో టైట్రేషన్ చేస్తే, అంటే ఎంత ఆమ్లం పడుతుందో కొలిస్తే, కరిగే సున్నం మొత్తం తెలుస్తుంది, కానీ అందులో ఉడకనిది ఎంత, అప్పటికే తేమ తగిలి ఉడికినది ఎంత అనేది విడిగా తెలియదు. అందుకే కొలిమిలో రెండు మెట్లుగా వేడి చేయమన్నాను. 550 డిగ్రీల దగ్గర పోయే బరువు హైడ్రాక్సైడ్‌లోని నీళ్ళది, ఆ తర్వాత 950 దాకా వెళ్తే పోయే బరువు కాలని రాయిలో మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ది. రిపోర్టు వచ్చింది. ఉడకని కాల్షియం ఆక్సైడ్ 66 శాతం, హైడ్రాక్సైడ్ 16.6, కాలని సున్నపురాయి 10.6, మిగతాది ఇసుక, బూడిద వగైరా.

66 శాతం! ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. సప్లయరు నిల్వ సరుకు పంపిస్తున్నాడు, తేమ పీల్చిన సున్నానికి సున్నం రేటు కట్టించుకుంటున్నాడు అని ఓనరు గారికి ఫోన్‌లో చెప్పేశాను. ఆయన ఐదు నిమిషాల్లో బట్టీ వాళ్ళకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టారు. అవతలి మనిషి ఒక్కటే మాట అన్నాడట: "బాబూ, దించిన సరుకు సెగ తగ్గకముందే లారీకెత్తాం, టార్పాలిన్ కూడా వేడెక్కింది, అందులో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?"

ఓనరు గారు నవ్వుతూ చెప్పిన ఆ మాట నాకు నవ్వు తెప్పించలేదు. దానికి తోడు ఇంకో చిన్న ముల్లు అప్పటికే గుచ్చుకుంటోంది. 66 శాతం నిజమైతే, ఆ టన్ను సున్నం రసాయనికంగా పట్టుకోగలిగే నీళ్ళు 212 కిలోలు. బస్తాల్లో మిగిలిన తడి ఒక 12. అంటే ఘన పదార్థం మొత్తం 1,224 కిలోలు రావాలి. నేను తూచింది 1,253. ఇరవై తొమ్మిది కిలోలు ఎక్కడినుంచో ఊడిపడ్డాయి! పోయిన బరువు కోసం వెతుకుతూ లేని బరువు పుట్టించాను. తూకంలో రెండు శాతం అటూ ఇటూ అవుతుందిలే అని మొదటిసారి పక్కన పెట్టాను. ఈ పక్కన పెట్టడం అనేది మా వృత్తిలో చాలా చెడ్డ అలవాటు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను.

ఆ రాత్రి వేడి లెక్క వేశాను. సున్నం షెడ్డులో కట్టె లేదు, బొగ్గు లేదు, కరెంటు హీటరు లేదు. అయినా బుస్సుమని ఆవిరి లేస్తోంది. ఆ వేడంతా సున్నం నీళ్ళని పట్టుకున్నప్పుడు విడుదలయ్యేదే. కిలో కాల్షియం ఆక్సైడ్ ఉడికితే వచ్చేది 278 కిలో కెలొరీలు. 30 డిగ్రీల నీళ్ళు కిలో ఆవిరి కావాలంటే మరిగించడానికి 70, ఆవిరి చేయడానికి 540, వెరసి 610 కిలో కెలొరీలు. ఇప్పుడు జమాఖర్చు చూడండి.

66 శాతం అయితే జమ: 660 ఇంటూ 278, సుమారు 1,83,000 కిలో కెలొరీలు. ఖర్చు: పోసిన 560 కిలోల నీళ్ళలో 212 సున్నం పట్టుకుంది, 12 తడిగా మిగిలింది, మిగతా 336 ఆవిరిగా పోయి ఉండాలి. దానికి 2,05,000. సరుకు కూడా వేడిగా 90 డిగ్రీల దగ్గర బయటికి వస్తోంది, దానికి మరో 21,000. మొత్తం 2,26,000. జమ 1,83,000, ఖర్చు 2,26,000! మిషన్ గోడల నుంచి ఒక్క కెలొరీ కూడా బయటికి పోలేదనుకున్నా 43,000 లోటు. తెడ్లు తిప్పే మోటారు రాపిడి వేడి కలిపినా ఐదు వేలు దాటదు. తూకం తేడా అనుకుందామా అంటే ఇది రెండు శాతం కాదు, పావు వంతుకి దగ్గర. జేబులో లేని డబ్బు ఎవరూ ఖర్చు పెట్టలేరు. బస్తాల్లో పొడి పొడిగానే ఉంది, చేత్తో పట్టి చూశాను, అంటే నీళ్ళు నిజంగానే ఆవిరయ్యాయి, అంటే వేడి నిజంగానే వచ్చింది, అంటే మిషన్‌లోకి వెళ్ళిన సున్నంలో 66 శాతం కంటే చాలా ఎక్కువ అసలు సున్నం ఉంది. మరి ల్యాబుకి వెళ్ళిన సున్నంలో ఎందుకు లేదు?

అర్ధరాత్రి దాటాక గానీ వెలగలేదు. ఆ కవరు! రెండు రోజుల వాన ముసురులో, నలగ్గొట్టిన సున్నం, రబ్బరు బ్యాండు కట్టిన పల్చటి కవరు. ఇంట్లో పాత బట్టల పెట్టెలో తేమ పీల్చడానికి ఇదే సున్నాన్ని పెడతారు కదా. షెడ్డులో జరగాల్సిన రసాయన చర్య కొంత మా ఇంట్లో బల్ల మీద జరిగిపోయింది. నూరు గ్రాముల శాంపిలు మూడున్నర గ్రాముల నీళ్ళు గాలిలోంచి తాగితే చాలు, 79 శాతం (ఆ అంకె తర్వాతి పరీక్షలో తేలింది) కాస్తా 66కి దిగిపోతుంది, ఎందుకంటే ప్రతి గ్రాము నీళ్ళూ మూడు గ్రాముల పైచిలుకు కాల్షియం ఆక్సైడ్‌ని ఉడికించేస్తుంది.

అనుమానం నిజమా కాదా అని తేల్చడానికి ల్యాబు దాకా పోకుండా మర్నాడు షెడ్డులోనే ఒక పని చేశాం. చేపలు పెట్టే థర్మోకోల్ పెట్టెలో స్టీలు గిన్నె పెట్టి, 4 లీటర్ల నీళ్ళకి కిలో సున్నం అనుకున్నాం గానీ, కవరులో మిగిలిన పాత సున్నం కిలోకి సరిపడా లేదు గనక సగం సగం కొలతలతో, అంటే 30 డిగ్రీల దగ్గర 2 లీటర్ల నీళ్ళు పోసి, అర కిలో చొప్పున కొద్దికొద్దిగా వేసి థర్మామీటరు చూశాను. (ఇది ఎవరైనా చేయాలనుకుంటే ముఖానికి అద్దాలు, చేతులకి గ్లౌజులు లేకుండా చేయకండి. ఒకేసారి వేస్తే చిమ్ముతుంది, సున్నం నీళ్ళు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.) పాత కవరు సున్నం 69 డిగ్రీల దాకా వెళ్ళి ఆగింది. ఆ రోజే వచ్చిన లారీ లోంచి, లోపలి గడ్డలు పగలగొట్టి అప్పటికప్పుడు వేసిన సున్నం 77 దాకా పోయింది. 66 శాతం సున్నం, పెట్టె లోంచి వేడి ఏమాత్రం జారకపోయినా, 73 దాటడం కుదరదు. 77 వచ్చిందంటే అది వేరే సరుకు. మేస్త్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు. "చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది సార్, మీరు తెచ్చింది చచ్చిపోయిన సున్నం" అన్నాడు. ట్రయల్ రోజు అతన్ని అడిగి ఉంటే వారం మిగిలేది.

ఈసారి శాంపిలు మూత బిగుసుకునే డబ్బాలో వేసి, మూత చుట్టూ టేపు వేసి, అదే రోజు నేనే బండి మీద విజయవాడ తీసుకెళ్ళి ఇచ్చాను. లారీ వేరే అయినా బట్టీ అదే, సరుకు అదే రకం. కాల్షియం ఆక్సైడ్ 79 శాతం, కాలని రాయి 11, హైడ్రాక్సైడ్ 3, ఇసుకా బూడిదా 7. వెంటనే బట్టీ ఆయనకి నేనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు గానీ, "కాలని రాయి పదకొండు మాత్రం మాదే సార్, దాన్ని కాదనను" అన్నాడు. ఆ మాట తర్వాత పనికొచ్చింది.

79తో లెక్క మళ్ళీ వేస్తే అన్నీ కుదురుకున్నాయి. సున్నం పట్టుకున్న నీళ్ళు 254, తడి 12, ఆవిరి 294, మొత్తం 560. వేడి జమ 2,20,000, ఆవిరికి 1,79,000, సరుకు వేడికి 21,000, మిగిలింది 20,000. ఆ తొమ్మిది శాతం మిషన్ గోడల నుంచీ, మిషన్ మీద ఆవిరిని పీల్చే హుడ్‌లోకి లాగే గాలి వేడెక్కడం వల్లా పోయేది, అలాంటి పాత మిషన్‌కి అది సబబైన అంకె. ఘన పదార్థం 1,266 రావాలి, తూచింది 1,253. పదమూడు కిలోలు తేలలేదు, లోపలికి పోసిన 1,560లో ఒక శాతం కూడా కాదు, దుమ్ముగా గొట్టం లోంచి పోయిందనుకోవచ్చు.

ఓనరు గారికి ఇచ్చిన రిపోర్టులో 231 కిలోల కథ ఇలా రాశాను. సరుకు నూటికి నూరు శాతం కాల్షియం ఆక్సైడ్ కాకపోవడం వల్ల అసలు రావాల్సిందే 67 కిలోలు తక్కువ. అందులో 12 కిలోలు తడి రూపంలో మీకు తిరిగొచ్చాయి. జల్లెడ రాళ్ళు 141. బస్తాల్లో ఉచితంగా ఇచ్చింది 13. ఊడ్చింది 9. తేలనిది 13. మేస్త్రి తిన్నది సున్నా. చివరి వాక్యం అంత మొరటుగా రాయలేదు గానీ, నోటితో అలాగే చెప్పాను.

రిపోర్టు చెబుతున్నప్పుడు అమ్మాయి కూడా పక్కనే కూర్చుంది. తన లెక్క వల్లే ఇంత గొడవ అయిందని కాస్త బెరుగ్గా ఉంది కానీ అడగాల్సింది అడిగింది: "అంకుల్, మరి అంత వేడి బయటికి వస్తోంది కదా, ఆ పోయిన బరువే వేడిగా మారిపోయి ఉండొచ్చు కదా, ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం?" చాలా మందికి ఈ అనుమానం ఉంటుంది, పెద్ద చదువులు చదివిన వాళ్ళకి కూడా. అక్కడే కాగితం మీద వేసి చూపించాను. టన్ను సున్నం నుంచి వచ్చే 2,20,000 కిలో కెలొరీలు అంటే సుమారు 92 కోట్ల జౌళ్ళు. దాన్ని కాంతి వేగం వర్గంతో భాగిస్తే వచ్చే బరువు ఒక మిల్లీగ్రాములో నూరో వంతు. సూత్రం ప్రకారం అంత మేరకు తగ్గిందనే అనాలి, కానీ దాన్ని పట్టుకునే కాటా పేరేచర్లలోనే కాదు, ఎక్కడా ఉండదు. అదే నిజంగా 231 కిలోలూ వేడిగా మారి ఉంటే హిరోషిమా మీద పడ్డ బాంబులు మూడు లక్షలకు పైగా ఒకేసారి పేలినంత. "మీ నాన్నగారు కెమెరాలు పెట్టించేంత టైము ఉండేది కాదమ్మా" అన్నాను. రసాయన చర్యలో వేడి వచ్చేది పదార్థం కరిగిపోయి కాదు, అణువుల మధ్య బంధాలు మారి. కొత్త బంధాలు గట్టివి, పాతవాటికీ కొత్తవాటికీ మధ్య తేడా వేడిగా బయటపడుతుంది. అందుకే బరువుకి ఒక ఖాతా, వేడికి ఇంకో ఖాతా విడివిడిగా రాసుకుంటాం, రెండూ విడివిడిగానే సరిపోవాలి.

తనకి నచ్చుతుందని ఇంకో సంగతి కూడా చెప్పాను. సున్నంతో ఇలా తూచి తూచి చూడడం ఇప్పటిది కాదు. స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన 1750లలోనే సున్నపురాయిని కాలిస్తే ఎంత బరువు పోతోంది, మళ్ళీ ఎంత తిరిగొస్తోంది అని తూచి, పోయే బరువు ఒక గాలిది అని తేల్చాడు. ఆ గాలినే మనం బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నాం. రసాయన చర్యలో బరువు మారదన్న సూత్రానికి పేరుపడ్డ ఫ్రాన్స్ శాస్త్రవేత్త లావోయిజియే పుస్తకం 1789లో వచ్చింది, అంటే ఇది అంతకు ముప్ఫై ఏళ్ళకు పైగా ముందు. తమాషా ఏమిటంటే, నీళ్ళు ఆవిరి కావడానికి వేడెక్కకుండానే అదనంగా మింగే వేడి ఉందని, ఆ గుప్తోష్ణాన్ని చూపించినవాడూ ఆ బ్లాకే. నా కాగితం మీద ఉన్న రెండు ఖాతాలూ, రాయి బరువు ఒకటి, ఆవిరి వేడి ఒకటి, ఒకే మనిషి తెరిచినవి.

ఇక పిడుగురాళ్ళ వైపు. కాలని రాయి పదకొండు శాతం ఎందుకుందో చూద్దామని ఒకరోజు బట్టీకి వెళ్ళాను. స్వచ్ఛమైన సున్నపురాయి నూరు కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. టన్ను సున్నం దించాలంటే 1,785 కిలోల రాయి ఎక్కించాలి, మిగతా 785 కిలోలు గొట్టం మీదుగా ఆకాశంలోకి, అది కాక బొగ్గు పొగ వేరే. ఈ చర్య వేడిని మింగుతుంది, కిలో సున్నానికి 760 కిలో కెలొరీలు, అది కూడా 900 డిగ్రీల దగ్గర అందాలి. రాయి పైనుంచి లోపలికి కాలుతూ వస్తుంది. కాలిన పొర మెత్తగా, గుల్లగా మారి లోపలికి వేడి పోవడం తగ్గిపోతుంది, అందుకని పెద్ద బండ నడిమి గుండెకాయ పచ్చిగానే మిగిలిపోతుంది. మా షెడ్డులో జల్లెడ మీద మిగిలిన రాళ్ళు ఆ గుండెకాయలే. అవి నిజంగా పచ్చివేనా, లేక ఉడకడానికి టైము చాలని మంచి సున్నమా అని కూడా థర్మోకోల్ పెట్టెలో చూశాను. కిలో రాళ్ళు 4 లీటర్ల నీళ్ళలో వేస్తే ఇరవై నిమిషాల్లో రెండు డిగ్రీలు పెరిగింది. అంటే కిలోలో ముప్ఫై గ్రాములకి అటూ ఇటూగా సున్నం, మిగతాదంతా రాయే. బట్టీలో రాళ్ళ సైజు చూశాను, కొన్ని నా తలకాయంత, కొన్ని పిడికిలంత, అన్నీ కలిపి ఒకేసారి ఎక్కిస్తున్నారు. సైజు చూసి ఏరి వేయమన్నాను, అంతకంటే ఏమీ చెప్పలేదు, వాళ్ళ పని వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

అక్కడ బొగ్గు ఖర్చు గురించి మాట్లాడుతుంటే బట్టీ ఆయన అడిగాడు, అంత వేడి రాయిలోకి పోతుంది కదా, అది ఏమవుతుంది అని. ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. ఆ 760 ఎక్కడికీ పోలేదు, సున్నం గడ్డలో దాగి లారీ ఎక్కింది. అందులో 278 పేరేచర్ల షెడ్డులో నీళ్ళు తగిలినప్పుడు ఆవిరై లేచింది. మిగతా 482, ఎవరో ఆ సున్నాన్ని గోడకి వెల్ల వేసినప్పుడు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని మళ్ళీ రాయిగా మారుతూ నెలల తరబడి ఎవరికీ తెలియకుండా విడుదలవుతుంది. 278కి 482 కలిపి చూడండి. దారి ఏదైనా మొత్తం వేడి మారదని 1840లో హెస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పింది ఇదే. రాయి రాయిగా తిరిగొచ్చేసరికి వేడి ఖాతా పైసాతో సహా చెల్లుకు చెల్లు. బట్టీ ఆయన కాసేపు ఆలోచించి, "అయితే బొగ్గు డబ్బులు కూడా గోడ దగ్గర వసూలు చేసుకోవాలి" అన్నాడు.

షెడ్డులో మార్చినవి పెద్దవేమీ కావు. జల్లెడ రాళ్ళు రోజూ తూచి పుస్తకంలో ఎక్కిస్తున్నారు. బట్టీ వాళ్ళతో మాట్లాడుకుని రేటుని కాలని రాయి శాతానికి ముడిపెట్టారు, లారీకి ఒక శాంపిలు, మూత బిగిసే డబ్బాలో, అదే రోజు. వానాకాలంలో సరుకు మూడు రోజులకి మించి నిల్వ పెట్టొద్దన్నాను. గడ్డలు నా పొడి శాంపిలంత వేగంగా తేమ తాగవు కానీ తాగుతాయి, తాగిన ప్రతి కిలో నీళ్ళకీ వేడి అక్కడే చల్లారిపోతుంది, తర్వాత మిషన్‌లో ఆవిరి చాలక బస్తాల్లో తడి మిగులుతుంది. బస్తా కాటా సరిచేయించారు. మూడు నెలల తర్వాత వెళ్ళి చూస్తే కాలని రాయి ఏడు శాతానికి దిగింది, కాల్షియం ఆక్సైడ్ 83కి ఎక్కింది, బస్తాలు సగటున టన్నుకి 1,145 వస్తున్నాయి. ఒక చిక్కు మాత్రం నాకు ఫోన్ వచ్చేదాకా తట్టలేదు. సున్నం మంచిదయ్యేసరికి వేడి పెరిగి, అదే 560 లీటర్లు చాలక, మిషన్‌లో సరుకు మరీ ఎండిపోయి సగం ఉడికీ ఉడకక వస్తోందట. లెక్క వేసి 590 చేయమన్నాను, సరిపోయింది.

కెమెరాలు అలాగే ఉన్నాయి, ఓనరు గారు వాటిని తీయించలేదు, ఒకదాన్ని మాత్రం వెనక రాళ్ళ కుప్ప వైపు తిప్పించారు. మేస్త్రితో ఆయన ఏం మాట్లాడారో నేను అడగలేదు. మొన్న వెళ్ళినప్పుడు మేస్త్రే టీ తెప్పించి అడిగాడు: "మీ కాగితంలో పదమూడు కిలోలు తేలలేదని రాశారంట, అది కూడా నా ఖాతాలోనేనా సార్?"

పైకి చూడమన్నాను. గొట్టం చుట్టూ రేకుల మీద తెల్లగా గట్టిపడిన పొర, ఎన్నేళ్ళదో. "నిచ్చెన వేసి గీయించి తూచుదామా?" అన్నాడు. వద్దన్నాను. గీసినా పదమూడు ఉండదు, ఎండలో గాలి తాగి తాగి అది మళ్ళీ రాయి అయిపోయి ఉంటుంది, తూస్తే బరువు ఎక్కువే చూపిస్తుంది, అప్పుడు ఆ ఎక్కువ ఎక్కడినుంచి వచ్చిందని ఓనరు గారు నాకు మళ్ళీ ఫోన్ చేస్తారు.